బిషప్ కాల్డ్వెల్ జీవితము: తెలుగు భాషాచరిత్రలో ఆయన స్థానము

ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము అనగానే మన విద్యార్థులకు మొదట స్ఫురించు పేరు రాబర్ట్ కాల్డ్వెల్. 1856లో లండను నగరమున వెలువడిన ఆ గ్రంథమును పేర్కొనక తెలుగు భాషాచరిత్రను బోధించు ఉపాధ్యాయుడు లేడు. కాని గ్రంథకర్త వృత్తిచేత భాషాశాస్త్రాచార్యుడు కాడు. ఆయన ఆంగ్లికన్ క్రైస్తవ సంఘమునకు చెందిన మతగురువు. దక్షిణ తమిళదేశమున తాటివనముల నడుమనున్న యొక పల్లెలో నాలుగు దశాబ్దములకు పైగా నివసించి, జీవితపు చివరి భాగమున బిషప్ పదవి నధిష్ఠించిన వాడు.

ఆయన జీవితమును క్రైస్తవ సంఘ చరిత్రకారులు చదువుదురు. ఆయన గ్రంథమును భాషాశాస్త్రజ్ఞులు చదువుదురు. ఈ రెండు పఠనములును ఒకదానితో నొకటి కలియుట అరుదు. తెలుగును గూర్చి కాల్డ్వెల్ చెప్పిన మాటలు నూఱేండ్లకు పైగా మన పండితులలో వాదోపవాదములకు కారణమైనవి. కొందఱు వానిని ప్రమాణముగా గైకొనిరి. కొందఱు వానిని పూర్తిగా త్రోసిపుచ్చిరి. ఆ మాటల బలమును, వాని లోపమును సరిగా తూచవలెనన్నచో ఆయన ఎచట నిలిచి తెలుగును చూచెనో ముందుగా తెలిసికొనవలెను. ఈ వ్యాసోద్దేశ మదియే.

బాల్యము, విద్య

కాల్డ్వెల్ 1814 మే 7వ తేదీన ఐర్లండులోని ఆంట్రిమ్ పట్టణ ప్రాంతమునందలి క్లేడీ గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు స్కాట్లండు దేశీయులు, ప్రెస్బిటీరియన్ మతశాఖవారు, స్వల్పాదాయము గలవారు. కుమారుని బాల్యముననే ఆ కుటుంబము గ్లాస్గో నగరమునకు తరలివచ్చెను. యౌవనారంభమున ఆయన డబ్లిన్ నగరమున అన్నగారియొద్దనుండి చిత్రకళ నభ్యసించెను. అనంతరము మతప్రచారమున ప్రవేశింప నిశ్చయించుకొని, లండన్ మిషనరీ సొసైటీ ఆదరణమున గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరి 1837లో పట్టభద్రుడయ్యెను.

ఆ విశ్వవిద్యాలయమున గ్రీకుభాషాచార్యుడైన సర్ డేనియల్ శాండ్ఫర్డ్ ఉపన్యాసములు ఆయన మనస్సున గాఢముగా నాటుకొనినవి. సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును గల బంధుత్వము యూరపు పండితులకు నూతనోత్సాహమును కలిగించుచున్న కాల మది. జర్మనీలో ఫ్రాంజ్ బోప్ రచించుచున్న తులనాత్మక వ్యాకరణము సంపుటములుగా వెలువడుచుండెను. భాషలను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చి వాని పుట్టుకను తెలిసికొనవచ్చునను భావము ఆయనకు ఇచటనే అబ్బినది. తరువాత భారతదేశమున ఆయన చేసిన కృషికి బీజ మిదియే.

ఓడమీది సహవాసము

1837 ఆగస్టులో ‘మేరీ ఆన్’ అను ఓడపై బయలుదేరి కాల్డ్వెల్ 1838 జనవరి 8వ తేదీన చెన్నపట్టణము చేరెను. ఆ ఓడపైననే సెలవు ముగించుకొని తిరిగివచ్చుచుండిన మఱియొక ప్రయాణికుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వేమన పద్యములను 1829లోనే ఆంగ్లానువాదముతో ప్రకటించిన బ్రౌన్ అప్పటికే తెలుగు వాఙ్మయమున నిష్ణాతుడు. భారతీయభాషలను నేర్వదలచి వచ్చుచున్న ఇరువదిమూడేండ్ల యువకునకు నాలుగు నెలల సముద్రయానమున ఇట్టివాని పరిచయము లభించుట చిన్న విషయము కాదు. ద్రావిడభాషాధ్యయనమున ఖ్యాతి గాంచనున్న ఈ మతగురువునకు దక్షిణదేశభాషలను గూర్చి తొలుత ముచ్చటించినవారిలో తెలుగు నిఘంటుకారు డొకడు కలడని మనము గుర్తింపవలెను.

ఐనను ఆ పరిచయము ఆయనను తెలుగుదేశమునకు తీసికొనిరాలేదు. మతసంఘము ఆయనను తమిళమునకు నియోగించెను. చెన్నపట్టణమున మూడేండ్లకు పైగా ఆయన తమిళము నభ్యసించెను. ఆ కాలముననే ఆంగ్లికన్ సంఘ సిద్ధాంతములవైపు మొగ్గి, లండన్ సొసైటీని విడిచి, 1841లో సువార్త వ్యాప్తి సంఘమున చేరెను. చెన్నపట్టణపు బిషప్ స్పెన్సర్ ఆయనకు నీలగిరులలో డీకన్ పదవి నొసగెను. చెన్నపట్టణమునుండి తన నూతన నివాసమునకు ఆయన కాలినడకనే బయలుదేరెను. తంజావూరు, తిరుచిరాపల్లి, కోయంబత్తూరు, నీలగిరులు, మధుర మీదుగా సాగిన ఆ ప్రయాణము దేశమును, దేశభాషను చెవులార వినుటకు ఆయనకు లభించిన మొదటి అవకాశము.

ఇడైయన్‌గుడి

1841 చివరను ఆయన తిరునెల్వేలి జిల్లాలోని ఇడైయన్‌గుడి గ్రామమును చేరెను. తమిళమున ‘ఇడైయన్’ అనగా గొల్ల, ‘కుడి’ అనగా నివాసము. మన ‘గుడి’ శబ్దముయొక్క అర్థము దానికి లేదు. చుట్టును ఎఱ్ఱయిసుక దిబ్బలు, తాటివనములు. అచటి జనులలో అధికసంఖ్యాకులు తాళ్ళనెక్కి రసము తీసి బెల్లము వండుకొని జీవించువారు. కాల్డ్వెల్ ఆ పల్లెను తిన్నని వీథులతో తీర్చి, పాఠశాలలను నెలకొల్పెను. 1844లో ఆయన నాగర్‌కోయిల్‌లోని మిషనరీ చార్లెస్ మాల్ట్ కుమార్తెయగు ఎలైజాను వివాహమాడెను. ఆమె ఆ ప్రాంతముననే పెరిగినది. తమిళము ఆమెకు బాల్యమునుండియు వచ్చిన భాష. బాలికల పాఠశాలను నడపి, ఆ గ్రామస్త్రీలకు లేసు అల్లిక నేర్పినది ఆమెయే. భర్త తమిళజ్ఞానమునకు ఇంటిలోనే ఇట్టి సహాయము లభించినది.

1847లో ఆరంభింపబడిన ఇడైయన్‌గుడి దేవాలయ నిర్మాణము 1880లో గాని పూర్తి కాలేదు. ముప్పదిమూడేండ్ల ఆ నిర్మాణ కాలముననే ఆయన ముఖ్యగ్రంథములలో పెక్కు వెలువడినవి. వ్యాకరణ మొక విశ్రాంతిగదిలో పుట్టినది కాదు. ప్రసంగములు, పాఠశాలల తనిఖీలు, గ్రామ తగవులు, దేవాలయ నిర్మాణము వీని నడుమ పుట్టినది. తమిళ బైబిలు సవరణ సంఘమున ఆయన చేసిన పనియు ఆయన వ్యాకరణజ్ఞానమునకు నిత్యాభ్యాసమైనది. ఒక వాక్యమును పల్లెజనులకును, పండితులకును సమ్మతమగునట్లు దిద్దవలసినవాడు భాషలోని పొరలను గమనింపక తప్పదు.

ఈ గ్రామజీవనము ఆయనకు జ్ఞానమునే కాక దోషమును కూడ తెచ్చినది. 1849లో ఆయన ఆ ప్రాంతపు తాళ్ళనెక్కు కులమువారిని గూర్చి యొక చిన్న పుస్తకమును ప్రకటించెను. వారి మతాచారములను, స్వభావమును అందు తక్కువ చేసి వర్ణించెను. వారు సింహళమునుండి వలస వచ్చినవారని ఊహించెను. తమ నడుమ నివసించుచు తమ మేలు కోరు గురువే తమను ఇట్లు చిత్రించుట ఆ జనులకు బాధ కలిగించినది. తరువాతి తరమున విద్యావంతులై పైకివచ్చిన నాడారులు ఆ పుస్తకమును తీవ్రముగా ఖండించిరి. ఒక జనసమూహముయొక్క పూర్వచరిత్రను స్వల్పాధారములతో నిర్ణయించు సాహసము కాల్డ్వెల్ రచనలలో అచటచట కనబడును. భాషల విషయమునను ఆ సాహసము లేకపోలేదు.

వ్యాకరణ గ్రంథము, ఎల్లిస్ పూర్వకృషి

1854లో స్వదేశమునకు సెలవుపై వెళ్ళిన కాల్డ్వెల్ 1856లో ద్రావిడ తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. అందు తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము, తుళు అను అయిదు భాషలను సంస్కారము పొందినవానిగను, తోడ, కోత, గోండి, కుయి అను నాలుగింటిని సంస్కారము లేనివానిగను పరిగణించెను. 1875లో వెలువడిన ద్వితీయ ముద్రణమున కొడగు, ఓరావ్, రాజమహల్ భాషలు చేరి మొత్తము పండ్రెండైనవి. సర్వనామములు, సంఖ్యావాచకములు, విభక్తిప్రత్యయములు, క్రియారూపములు, ధ్వనులు అను ప్రకరణములలో ఈ భాషలన్నింటిని వరుసగా పోల్చి, ఇవి సంస్కృతజన్యములు కావని, ఒకే మూలమునుండి చీలినవని విస్తరముగా నిరూపించుటయే ఆ గ్రంథముయొక్క ఘనత. పదముల పోలికతో తృప్తిపడక వ్యాకరణ నిర్మాణమునే పోల్చుట ఆయన చేసిన గొప్ప పని.

అయితే ఈ సిద్ధాంతమునకు ఆయన ఆద్యుడు కాడు. 1816లో చెన్నపట్టణమున ప్రకటితమైన క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ఉపోద్ఘాత వ్యాసమును వ్రాసెను. తెలుగు సంస్కృతమునుండి పుట్టినదను విలియం కేరీ మున్నగువారి అభిప్రాయమును ఖండించి, తెలుగు, తమిళము, కన్నడము సంస్కృతమునకు చెందని యొక కుటుంబమువని అందు నిరూపించెను. ఆ నిరూపణమునకు సాధనములు సమకూర్చినవారు సెయింట్ జార్జి కోట కళాశాలలోని మన పండితులు. తెలుగు ధాతువులను సంకలనము చేసిన పట్టాభిరామశాస్త్రి, ఎల్లిస్ కచేరీలో సిరస్తాదారుగా నుండిన శంకరయ్య, ‘ఆంధ్రదీపిక’ నిఘంటువును కూర్చిన మామిడి వెంకయ్య మున్నగువారి జ్ఞానము ఆ వ్యాసమునకు ఆధారమైనది. తత్సమ, తద్భవ, దేశ్య విభాగము మన వైయాకరణులు ఏనాడో చేసినది. ఆ దేశ్యశబ్దరాశి సంస్కృతమునకు లోబడనిదని గ్రహించి ఎల్లిస్ తన వాదమును దానిపైననే నిలిపెను. కావున ద్రావిడభాషాకుటుంబముయొక్క మొదటి నిరూపణము తెలుగు వ్యాకరణగ్రంథముయొక్క తలవాకిట వెలసినది. తెలుగు ధాతువులే దాని మొదటి సాక్షులు.

కాల్డ్వెల్ తన పీఠికయందు ఎల్లిస్‌ను స్మరింపకపోలేదు. కాని ఆ కృషి మిక్కిలి సంక్షిప్తమని, వ్యాకరణరూపములను కాక కొన్ని పదములను మాత్రము పోల్చినదని చెప్పి దాటివేసెను. ఈ మాట అసత్యము కాదు; ఐనను సంపూర్ణసత్యమును కాదు. 1819లోనే ఎల్లిస్ అకాలమరణము నొందుటచే ఆయన కృషి మరుగుపడినది. నలువదేండ్ల తరువాత వచ్చిన బృహద్గ్రంథము ఆ మరుగును మఱింత చిక్కన చేసినది. ఎల్లిస్ వెనుకనున్న తెలుగు పండితుల పేరులైతే ఇటీవలి పరిశోధనములవలన గాని వెలుగునకు రాలేదు.

తెలుగును గూర్చిన అభిప్రాయములు

తెలుగు విషయమున కాల్డ్వెల్ చెప్పిన వానిలో మూడు అంశములు ముఖ్యములు.

మొదటిది, ప్రాచీనతయందును పదసంపదయందును తమిళము తరువాత తెలుగు నిలుచుననియు, శ్రవణమాధుర్యమున తమిళమును మించుననియు ఆయన చెప్పెను. మాధుర్యమును గూర్చిన ప్రశంస మనవారికి ప్రీతిపాత్రమై తఱచుగ స్మరింపబడినది. మొదటి మాట అంతగా స్మరింపబడలేదు. ఆయన కాలమునకు కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు శాసనములు పండితలోకమునకు తెలియవు. ఆఱవ శతాబ్దినాటి ఆ రేనాటి చోళుల శాసనములు ఆ తరువాత బయటపడి తెలుగు లిఖితచరిత్రను నన్నయకు అయిదు శతాబ్దుల వెనుకకు తీసికొనిపోయినవి. కాల్డ్వెల్ లెక్కకు లేని ఆధారములు నేడు మనకు కలవు.

రెండవది, సంస్కృతపదములను పరిహరించి తమిళము స్వతంత్రముగ వర్ధిల్లగలదనియు, తెలుగునకు అది మఱింత కష్టమనియు ఆయన తలచెను. కావ్యభాషను మాత్రము చూచినవానికి ఈ మాట సమంజసముగ తోచును. కాని పదునాఱవ శతాబ్దముననే పొన్నికంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్రము’ను తత్సమరహితముగ అచ్చతెనుగున రచించెను. ఆ మార్గమున తరువాత పెక్కు కావ్యములు వెలసినవి. కావున తెలుగు సంస్కృతమును గ్రహించుట దాని అశక్తతవలన కాదు, కవుల అభిరుచివలన. శక్తి వేఱు, వాడుక వేఱు. ఈ భేదమును నిర్ణయించుటకు కావ్యములతోపాటు జనులు మాటాడు తెలుగును కూడ వినవలెను. ఆ భాగ్యము తిరునెల్వేలి వాసికి స్వల్పము.

మూడవది ద్రావిడ శబ్దమునకు సంబంధించినది. ఈ కుటుంబమునకు ఆ పేరు పెట్టుటకు ఆయన చూపిన ఆధారములలో కుమారిలభట్టు తంత్రవార్తికమునందలి ప్రయోగ మొకటి. ఆ కాలమున బర్నెల్ చూపిన పాఠమును బట్టి దానిని ‘ఆంధ్రద్రావిడభాష’ అని గ్రహించి, తెలుగును తమిళమును కలిపి చెప్పిన ప్రాచీనోక్తిగా భావించిరి. ఆ పాఠము సరికాదనియు, మూలమున నున్నది ‘ద్రావిడాది’ శబ్దమనియు తరువాతి పండితులు తేల్చిరి. కుమారిలుడు ఉదాహరించిన పదములును తమిళ మలయాళములవైపువే. అన్నమునకు ‘చోర్’, కడుపునకు ‘వైర్’ అను మాటలు తెలుగువి కావు. తెలుగును ద్రావిడభాషగ నిరూపించుటకు ఈ ప్రమాణ మక్కఱలేదు. కాని లేని ఆంధ్రశబ్దమును అందు చూచుట యొక హెచ్చరికగా గ్రహింపదగినది.

ఇక భాషా నిర్మాణమును చూతము. తమిళమున ‘ఇరండు’ అనునది తెలుగున ‘రెండు’. ‘ఉరల్’ అనునది ‘రోలు’. ‘మరమ్’ అనునది ‘మ్రాను’. పదాది అచ్చు వెనుకకు జరిగి హల్లు ముందునకు వచ్చు ఈ మార్పు తమిళ కన్నడములలో లేదు. గోండి, కుయి, కొండ మున్నగు భాషలలో కలదు. తెలుగున ఏకవచనమున స్త్రీకిని అచేతనమునకును ‘అది’ యొక్కటియే సర్వనామము. తమిళమున స్త్రీకి ‘అవళ్’ వేఱుగ కలదు. తెలుగు పద్ధతి లోపము కాదనియు, మూలద్రావిడ లింగవ్యవస్థకు సన్నిహితమైనదనియు భద్రిరాజు కృష్ణమూర్తిగారు వాదించిరి. 1961లో ప్రకటితమైన తమ తెలుగు ధాతువుల పరిశోధనముతో ఆరంభించి, తెలుగు దక్షిణమునందలి తమిళ కన్నడముల చెంతకంటె గోండి, కొండ, కుయి, కువి భాషల చెంతకు చెందినదని వారు స్థాపించిరి. కాల్డ్వెల్ ‘సంస్కారము లేనివి’ అని ప్రక్కకు నిలిపిన భాషలే తెలుగునకు అతిసన్నిహిత బంధువులని తేలినది.

ఈ లోపము బుద్ధిలోపము కాదు. ఇడైయన్‌గుడినుండి చూచువానికి తమిళము ముంగిటను, తెలుగు దూరమునను, గోండి కుయి భాషలు ఇతరులు వ్రాసిపంపిన పదపట్టికలలోను ఉండెను. ఏ యొక్క భాషయు మూలద్రావిడమునకు పూర్ణప్రతిబింబము కాదని ఆయనయే చెప్పియుండెను. ఆ సూత్రము సరియైనది. దానిని తెలుగునకు పూర్తిగా అన్వయించుటకు కావలసిన సామగ్రి ఆయనకు లేదు. ద్రావిడభాషలను సిథియన్ భాషలతో ముడిపెట్టిన సిద్ధాంత మొక్కటి మాత్రము సామగ్రిని మించి చేసిన ఊహ, అది నిలువలేదు.

బిషప్ పదవి, తుదిదినములు

తిరునెల్వేలి ప్రాంతమున ఆంగ్లికన్ సంఘమువారి రెండు మిషన్లు వేఱువేఱుగ పనిచేయుచుండెను. క్రైస్తవుల సంఖ్య పెరుగుటచే చెన్నపట్టణపు బిషప్ ఒక్కడే ఆ ప్రాంతమును పరామర్శించుట దుస్సాధ్యమైనది. ప్రత్యేక బిషప్ మండలమును ఏర్పఱచుటకు అవరోధము లుండుటచే, రెండు మిషన్లకును ఒక్కొక్క సహాయ బిషప్ నియమింపబడెను. 1877 మార్చి 11వ తేదీన కలకత్తాలో కాల్డ్వెల్, ఎడ్వర్డ్ సార్జెంట్ అను ఇరువురును అభిషిక్తులైరి. తిరునెల్వేలికి ప్రత్యేక మండలము 1896లో గాని ఏర్పడలేదు. కావున కాల్డ్వెల్ పేరునకు బిషప్పే కాని స్వతంత్రాధికారము గల మండలము ఆయన కెన్నడును లేదు.

పదవి లభించిన కాలము ఘోరక్షామకాలము. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశము కఱవుచే తల్లడిల్లెను. ఆ సంవత్సరములలో వేలాదిజనులు క్రైస్తవసంఘమున చేరిరి. అన్నమునకై చేరిరా, విశ్వాసముచే చేరిరా అను ప్రశ్న అప్పుడే పుట్టినది. నేటికిని చరిత్రకారులు దానిని చర్చించుచునే యున్నారు. అదే కాలమున ఆయన కొర్కై, కాయల్ అను ప్రాచీన రేవుపట్టణముల స్థలములను త్రవ్వించి పరిశీలించెను. 1881లో తిరునెల్వేలి జిల్లా చరిత్రమును ప్రకటించెను. విజయనగరానంతరము ఆ సీమను ఏలిన నాయకరాజులను, పాంచాలంకురిచి మొదలగు పాళెగాండ్ర యుద్ధములను అందు వివరించెను. దక్షిణమునకు తరలిన తెలుగువారి చరిత్రమును పరిశోధించువారు ఆ గ్రంథమును విడువరాదు. అయితే నాయకుల పాలనమును ఆయన మెచ్చలేదు. పాలకధర్మమునుండి వారు మిక్కిలి జాఱిరని తీర్పుచెప్పెను. కంపెనీ పాలనను మేలుగా తలచువాని తీర్పుగ దానిని చదువవలెను.

1883లో ఆయన నివాసమును తూత్తుకుడికి మార్చెను. ఆయన పేరిటి కళాశాల అచట వెలసినది. వార్ధక్యముచే 1891 జనవరిలో పదవిని విడిచి, అదే సంవత్సరము ఆగస్టు 28వ తేదీన కొడైకానలులో మరణించెను. దేహమును కొండదింపి ఇడైయన్‌గుడికి తెచ్చి, ఆయన నిర్మించిన దేవాలయముననే సమాధి చేసిరి. ఆయన స్మృతులను అల్లుడు వయట్ 1894లో ప్రకటించెను. వయట్, రామకృష్ణపిళ్ళె పరిష్కరించిన వ్యాకరణ తృతీయముద్రణము 1913లో వెలువడినది. అందు కొన్ని అనుబంధములు తొలగింపబడినవి. కావున కాల్డ్వెల్ అభిప్రాయమును ఉదాహరించు పరిశోధకుడు ఏ ముద్రణమునుండి గ్రహించుచున్నాడో చూచుకొనవలెను.

ఉపసంహారము

తమిళదేశమున కాల్డ్వెల్ స్మృతి గౌరవాస్పదమైనది. 1968లో ప్రపంచ తమిళ మహాసభల సందర్భమున చెన్నపట్టణ సముద్రతీరమున ఆయన విగ్రహము ప్రతిష్ఠింపబడెను. తెలుగుదేశమున ఆయన గతి వేఱు. చిలుకూరి నారాయణరావుగారు 1937లో ప్రకటించిన ‘ఆంధ్రభాషా చరిత్రము’న తెలుగు ప్రాకృతజన్యమని వాదించి కాల్డ్వెల్ మతమును ఎదుర్కొనిరి. గంటిజోగి సోమయాజిగారు ‘ఆంధ్రభాషా వికాసము’న ద్రావిడపక్షమును సమర్థించిరి. నేడు శాస్త్రమున ఆ వివాదము ముగిసినది, తెలుగు ద్రావిడభాషయే. కాని చిలుకూరివారి ప్రతిఘటనమునకు వెనుకనుండిన శంకను మనము తేలికగా చూడరాదు. తెలుగును తమిళమునకు అనుబంధముగ చూచు చూపును వారు సహింపలేకపోయిరి. ఆ చూపు ద్రావిడ సిద్ధాంతమున లేదు. సిద్ధాంతమును చెప్పినవాడు నిలిచిన చోటున కలదు. ఈ రెంటిని వేఱుచేసియుండినచో ముప్పదేండ్ల వివాదము కొంత తగ్గెడిది.

తరగతిలో ఈ విషయమును బోధించునపుడు కాల్డ్వెల్ పేరునకు ముందు ఎల్లిస్ పేరును, ఎల్లిస్ పేరుతో పట్టాభిరామశాస్త్రి, శంకరయ్యల పేరులను చెప్పుట న్యాయము. తరువాత గోండి, కొండ, కుయి భాషలయందు పరిశ్రమ చేసినవారి పేరులను చెప్పవలెను. ఆ నడుమ ఇడైయన్‌గుడి గురువునకు తగిన స్థానము తప్పక లభించును. ఒక పల్లెలో కూర్చుండి పండ్రెండు భాషలను ఒక్కచోట చేర్చి చూచిన శ్రమ సామాన్యమైనది కాదు. ఆయన చూడజాలనిది మన ముంగిటనే యున్నది. గోండి, కొండ, కుయి, కువి మాటాడు జనులు నేటికిని తెలుగుదేశపు టెల్లలలోను, దాని చుట్టుప్రక్కలను నివసించుచున్నారు. ఆ భాషలను నేర్చి వినుట మన శాఖల పని.